142, 128, 151... ఇందులో ఏది నిజం?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన వాణ్ని. వయసు 66. షుగర్ వచ్చి ఆరేళ్లు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మెట్‌ఫార్మిన్ బిళ్ల వేసుకుంటాను. ఇన్సులిన్ లేదు. మొన్న గురువారం పొద్దున 6.40కి పరగడుపున ఎడమ చేతి ఉంగరం వేలికి గుచ్చి చూస్తే మీటరు 142 చూపించింది. ముందు రోజు 119 ఉంది కదా అని నమ్మకం కుదరక పక్క వేలికి గుచ్చాను. రక్తం సరిగా రాక గట్టిగా పిండాల్సి వచ్చింది. 128 వచ్చింది. రెంటికీ మధ్య రెండు నిమిషాలు కూడా లేవు. మా అబ్బాయి పోయినేడాది కొనిచ్చిన రెండో మీటరు బీరువాలో ఉంటే అదీ తీసి చూశాను: 151. ఇంతలో 6.50కి ల్యాబ్ అబ్బాయి ఇంటికొచ్చి చేతి నరం నుంచి రక్తం తీసుకెళ్లాడు. సాయంత్రం రిపోర్టులో 124! దాని కాపీ జత చేస్తున్నాను. నా క్లాసులో ఏ కుర్రాడైనా ఒక్క లెక్కకు నాలుగు జవాబులు రాస్తే సున్నా వేసేవాణ్ని. మీటర్లు రెండూ పారేసి ల్యాబ్‌నే నమ్ముకోమంటారా? మా ఆవిడ మాత్రం నా వేళ్లు చూసి, 'మీటర్లకేం, అవి బాగానే ఉన్నాయి. మీకే ఏదో అయింది' అంటోంది.
- ఒక లెక్కల మాస్టారు

జవాబు: మాస్టారూ, రిపోర్టు కాపీ పంపి మంచి పని చేశారు. ఉత్తరం ఒక్కటే వచ్చి ఉంటే నేనూ ల్యాబ్ వైపే మొగ్గేదాన్ని. మీరు ముగ్గురు ముద్దాయిల్ని బోనులో నిలబెట్టి ల్యాబ్‌ను జడ్జీ కుర్చీలో కూర్చోబెట్టారు. నేను ముందు జడ్జీ గారినే అడుగుతాను: అయ్యా, తమరు కోర్టుకు ఎన్నింటికి వచ్చారు?

జవాబు మీ రిపోర్టు పైభాగంలోనే, ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో ఉంది. రక్తం తీసిన సమయం 6.50. ల్యాబ్‌కు చేరిన సమయం 9.40. శాంపిల్ రకం అన్నచోట 'సీరం' అని ఉంది. అంటే గ్లూకోజు తగ్గకుండా ఆపే ఫ్లోరైడ్ వేసిన బూడిదరంగు మూత గొట్టంలో కాకుండా మామూలు గొట్టంలో తీశారన్నమాట. ఒంట్లోంచి బయటికొచ్చినంత మాత్రాన రక్తకణాలు చచ్చిపోవు. గొట్టంలో కూర్చుని అక్కడున్న గ్లూకోజును తింటూనే ఉంటాయి. మామూలు గది వేడిలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. మీ తర్వాత ఆ కుర్రాడు ఇంకెన్ని గడపలు తొక్కాడో గానీ, మీ గొట్టం అతని సంచిలో దాదాపు మూడు గంటలు ఉంది. గంటకు 5 శాతం చొప్పునే వేసుకోండి. చివరికి 124 మిగలాలంటే మొదట ఎంత ఉండాలి? మీకు నేను చెప్పడమేమిటి, 143 దగ్గర తేలుతుంది. సంచిలో ఐసు ఉండి ఉంటే ఇంత తగ్గదు కాబట్టి 143 అని నేను ప్రమాణం చేయను. కానీ ఆ 124 మాత్రం 6.50 గంటలప్పటి మీ షుగర్ అని నమ్మను.

ఈ మాట అంటున్నది ల్యాబ్ అంటే గిట్టక కాదు. ఇరవై ఏడేళ్లు ఆసుపత్రి బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లోనే గడిచింది నాకు. మా యంత్రం కొలత మీ మీటరు కొలత కన్నా ఎన్నో రెట్లు నమ్మదగ్గది. అయితే దాని ముందుకు వచ్చిన దాన్నే అది కొలుస్తుంది, దారిలో కరిగిపోయినదాన్ని కాదు. బూడిద మూత గొట్టమూ మంత్రమేమీ కాదు. ఫ్లోరైడ్ పూర్తిగా పట్టు బిగించడానికి గంట పైనే పడుతుంది, ఈలోగా కాస్త తగ్గి, తర్వాత నిలబడుతుంది. తీసిన వెంటనే కణాలను వేరు చేసేస్తే ఈ గొడవే ఉండదు.

ఇక మీ ముద్దాయిల దగ్గరికి వద్దాం. ఇంటి మీటర్లకు ఐఎస్‌ఓ 15197 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2013లో దాన్ని బిగించారు. దాని ప్రకారం నూటికి 95 రీడింగులు ఒక హద్దులో ఉంటే చాలు, మీటరు పాసైనట్టే. అసలు షుగర్ 100 లోపు ఉంటే అటూ ఇటూ 15 మిల్లీగ్రాములు, 100 గానీ ఆపైన గానీ ఉంటే అటూ ఇటూ 15 శాతం. అంతకు ముందు 2003 నాటి ప్రమాణమైతే 75 నుంచి పైకి 20 శాతం దాకా ఊరుకునేది. ఇప్పుడు మీ అసలు షుగర్ 140 అనుకోండి. పాసైన మీటరు 119 చూపించవచ్చు, 161 చూపించవచ్చు. 142, 128, 151 మూడూ ఆ గీతల మధ్యే ఉన్నాయి. ముగ్గురూ నిర్దోషులే. ఆ నూటిలో మిగిలిన ఐదు రీడింగులు హద్దు దాటినా మీటరు పాసే అన్నది కూడా గుర్తుంచుకోండి. అప్పుడప్పుడూ ఒక రీడింగు పూర్తిగా దారి తప్పి కనిపించడానికి ఇదొక కారణం.

సున్నా వేస్తానన్నారు. కూడిక లెక్కకైతే వెయ్యాల్సిందే. కానీ ఇది బల్ల పొడవు కొలవమన్న లెక్క మాస్టారూ. ముప్పైమంది పిల్లలకు ఒకే బల్లా ఒకే స్కేలూ ఇస్తే ముప్పై రకాల కొలతలు తెస్తారు. అప్పుడు మీరు సున్నాలు వేశారా, 'కొలతలో దోషం' అని పాఠం చెప్పారా?

దోషం ఎక్కణ్నుంచి వస్తుందో చూస్తే మీటరు మీద జాలి కలుగుతుంది. స్ట్రిప్పు పీల్చుకునే రక్తం చాలా మీటర్లలో అర మైక్రోలీటరు దగ్గర, అంటే మిల్లీలీటరులో రెండు వేల వంతు. ఆ రవ్వంత రక్తం స్ట్రిప్పు మీద ఎండబెట్టి ఉంచిన ఎంజైమును తడుపుతుంది. ఎంజైము గ్లూకోజు దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, అవి తీగలోకి వెళతాయి, ఆ కరెంటును మీటరు కొలిచి అంకెగా మారుస్తుంది. అంతా ఐదారు సెకన్లలో. స్ట్రిప్పు స్ట్రిప్పుకీ ఎంజైము పూతలో కాస్త తేడా ఉంటుంది. గది వేడి మారితే ఎంజైము వేగం మారుతుంది. రక్తంలో ఎర్రకణాలు ఎంతున్నాయన్న దాన్ని బట్టీ కరెంటు మారుతుంది. 1970ల మొదట్లో వచ్చిన తొలి మీటరు దాదాపు కిలో బరువుండేది. స్ట్రిప్పు మీద పెద్ద రక్తపు చుక్క వేసి, గడియారం చూసి సరిగ్గా ఒక నిమిషం ఆగి, నీళ్లతో కడిగి, తేలిన రంగును అందులో చదివేవారు. అక్కణ్నుంచి జేబులో పట్టే మీటరు దాకా వచ్చాం. దానికి పదిహేను శాతం క్షమించలేమా?

అయితే మీటరు దోషం కొంతా, మన చేతి దోషం కొంతా. మీ 128 మీద నాకు అనుమానం ఎందుకంటే, గట్టిగా పిండానని మీరే రాశారు. వేలు పిండితే రక్తంతో పాటు కండల మధ్య ఉండే నీరు కూడా ఊరి చుక్క పలచబడుతుంది. చేతులు చల్లగా ఉంటే ముందు గోరువెచ్చని నీళ్లతో కడుక్కుని, చెయ్యి కిందికి వేలాడదీసి, వేలి కొసన కాకుండా పక్కన గుచ్చండి. పిండాల్సిన పని రాదు, నొప్పీ తక్కువ. 151 సంగతి వేరే. బీరువాలోంచి తీశానన్నారు. ఆ స్ట్రిప్పుల డబ్బా మూత ఎప్పుడు తెరిచారు? చాలావాటిలో డబ్బా మీది గడువు తేదీ తెరవని డబ్బాకే వర్తిస్తుంది. తెరిచాక చాలా కంపెనీలు మూడు నుంచి ఆరు నెలలే అంటాయి, ఎంతన్నది లోపలి కాగితంలో ఉంటుంది. గాలిలోని తేమ తగిలితే స్ట్రిప్పు ఎక్కువే చూపిస్తుందో తక్కువే చూపిస్తుందో చెప్పలేం, అదే దానితో ఇబ్బంది. తెరిచిన రోజే డబ్బా మీద పెన్నుతో తేదీ వేసుకోండి.

అన్నిటికన్నా పెద్ద దొంగ మాత్రం మీ ఉత్తరంలో లేదు. ఉండి ఉంటే మీకు 151 కాదు, 250 కనిపించేది. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదటి రోజే ఒక ఆట చూపించేదాన్ని. వాళ్ల ముందే ఒక పండు తొక్క ఒలిచి, చెయ్యి కడుక్కోకుండా వేలికి గుచ్చుకుని మీటరు పెట్టేదాన్ని. ఒకసారి 214 వచ్చింది. నాకు షుగర్ లేదు. తర్వాత సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని అదే వేలి అవతలి పక్క గుచ్చితే 96. ఒకమ్మాయి స్పిరిట్ దూదితో తుడిస్తే సరిపోతుంది కదా అంది. తుడిచి చూపించాను, అప్పుడూ ఎక్కువే వచ్చింది. స్పిరిట్ క్రిముల్ని చంపుతుంది గానీ చక్కెరను కడగదు. పైగా స్పిరిట్ ఆరకముందే గుచ్చితే అదీ చుక్కలో కలుస్తుంది. నీళ్లే దారి. నీళ్లు దొరకని చోట మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క వాడండి. చెయ్యి కడుక్కున్నాక తడి ఉంచకండి, ఆ నీళ్లూ చుక్కను పలచబరుస్తాయి.

ముందు రోజు 119, ఇవాళ 142 అన్నారు. మీటరు దోషాన్ని పక్కన పెట్టినా మనిషి పరగడుపు షుగరే రోజూ ఒక్కలా ఉండదు. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటివి పెరిగి కాలేయంతో గ్లూకోజు వదిలిస్తాయి. నిద్ర సరిగా పట్టకపోతే, జలుబు చేసి ఉంటే, ఆ రోజు ఇంకాస్త పెరుగుతుంది. రెండు రోజుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే మీకు భయం తప్ప ఏమీ దొరకదు. పద్నాలుగు రోజుల పరగడుపు అంకెలు వరసగా రాసి సగటు తీయండి, తర్వాతి పద్నాలుగు రోజుల సగటుతో పోల్చండి. ఆ తేడాకు అర్థం ఉంటుంది. ఈ పని మీకన్నా బాగా చేసేవారెవరు? మీ డాక్టరు గారు మూడు నెలలకోసారి చూసే హెచ్‌బీఏ1సీ కూడా ఒక రకం సగటే. అది 7 శాతం ఉంటే సగటు షుగర్ 154 దగ్గర ఉన్నట్టు లెక్క. మీ మీటరు అంకెల సగటును దానితో పోల్చి కంగారు పడకండి. మీరు చూసేది పరగడుపువి మాత్రమే, అది తిన్న తర్వాతి గంటల్నీ కలుపుకుంటుంది.

మీకు గురువారం 128 అయినా, 142 అయినా, 151 అయినా చెయ్యాల్సిన పని ఏమైనా మారేదా? వేసుకునే బిళ్ల అదే కదా. అలాంటప్పుడు మొదటి అంకె రాసుకుని లేచిపోవాలి. రెండో వేలు అనవసరం, మూడోది మీ ఆవిడ గారికి ఆయుధం. ఇన్సులిన్ వేసుకునేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు 78 కనిపిస్తే అసలు 63 కావచ్చు, 93 కావచ్చు. అందుకే చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే 78 చూపించినా నేను ఒంటి మాటే వినమంటాను. 15 గ్రాముల చక్కెర నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. 70 కిందికి పోతే లక్షణాలున్నా లేకపోయినా ఇదే పని. తిరగేసి చెప్పాలంటే, ఒంట్లో ఏ తేడా లేదు, మీటరు 290 అంటోంది, నిన్నటిదాకా 130లే. అప్పుడు చేతులు కడుక్కుని ఇంకోసారి గుచ్చడం సబబు. అది అనుమానం కాదు, జాగ్రత్త.

మీటరును నిజంగా ల్యాబ్‌తో సరిచూడాలనుకుంటే పద్ధతి ఉంది. ఈసారి కుర్రాణ్ని ఇంటికి పిలవకండి. పరగడుపునే మీటరు పట్టుకుని మీరే ల్యాబ్‌కు వెళ్లండి. నరం నుంచి రక్తం తీసిన ఐదు నిమిషాల్లోపు, కడిగి ఆరిన వేలికి గుచ్చి అంకె రాసుకోండి. శాంపిల్ వెంటనే తిప్పి కణాలు వేరు చేయమని అడగండి, సిగ్గుపడకండి, అది మీ హక్కు. భోజనం తర్వాత మాత్రం పోల్చకండి. తిన్నాక వేలి రక్తంలో గ్లూకోజు నరం రక్తంలో కన్నా బాగా ఎక్కువగా ఉంటుంది, ఒక్కోసారి 20 శాతం దాకా. కండరాలు తమ వాటా తీసుకున్నాక మిగిలిన రక్తం కదా నరంలోకి వచ్చేది. పరగడుపున ఆ తేడా చాలా తక్కువ. రెండు అంకెలూ 15 శాతం లోపల ఉంటే ఆ మీటరుతో ఇక తగువు పెట్టుకోకండి. ఒకసారి దాటితే ఇంకో రోజు చూడండి. రెండు మూడు సార్లూ ఒకే వైపు దాటుతుంటే అప్పుడు పారేయండి, నేనూ చెయ్యి వేస్తాను. చాలా మీటర్లకు కంట్రోల్ ద్రావణం అని చిన్న సీసా దొరుకుతుంది. స్ట్రిప్పు మీద ఒక చుక్క వేస్తే, డబ్బా మీద అచ్చేసిన హద్దుల మధ్య అంకె రావాలి. బీరువాలో మీటరును ముందు దానితో పరీక్షించండి.

రెండు మీటర్లు ఒకేసారి వాడే అలవాటు మాత్రం మానండి. ఒకటి నోట్‌బుక్కుకు, ఒకటి ప్రయాణానికి అంటే సరే. ఒకదానికి సాక్ష్యంగా ఇంకొకటంటే ఎప్పటికీ తెమలదు.

ప్రశ్న: మా అమ్మకు షుగర్, కిడ్నీ సమస్య రెండూ ఉన్నాయి. హిమోగ్లోబిన్ 7.4. ఇంట్లో మీటరు పరగడుపున 160 చుట్టుపక్కల చూపిస్తోంది. అదే పూట ల్యాబ్‌లో అక్కడికక్కడే పరీక్ష చేస్తే 126, 128 వస్తోంది. మూడుసార్లూ ఇంతే. మీటరు మార్చాం, చేతులు కడిగిస్తున్నాం, డబ్బా కొత్తది. రాత్రి ఇన్సులిన్ మోతాదు మీటరు చూసే వేస్తున్నాం.
- ఒక కూతురు

జవాబు: అమ్మాయ్, మాస్టారి తేడాకూ నీ తేడాకూ పోలిక లేదు. ఆయన అంకెలు అటూ ఇటూ ఊగాయి. నీవి ప్రతిసారీ ఒకే వైపు, అదీ పాతిక శాతం. దీన్ని వదిలేయకూడదు.

నా అనుమానం ఎర్రకణాల మీద. హిమోగ్లోబిన్ 7.4 అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, హెమటోక్రిట్ అంటారు, 22 శాతం దగ్గర ఉంటుంది. మామూలు మనిషిలో 40 దరిదాపుల్లో ఉండేది. కణాలు తక్కువైతే స్ట్రిప్పు మీద ప్లాస్మా, అంటే కణాలు పోగా మిగిలే ద్రవం, ఎక్కువగా ఎంజైముకు అందుతుంది, అంకె ఉన్నదానికన్నా పెరుగుతుంది. కణాలు మరీ ఎక్కువున్నవాళ్లలో దీనికి వ్యతిరేకం. ప్రతి స్ట్రిప్పు డబ్బాలోని కాగితంలో ఎంత హెమటోక్రిట్ దాకా పనిచేస్తుందో రాసి ఉంటుంది. కొన్నిటికి 30 నుంచి మొదలవుతుంది, కొన్ని 20 కన్నా తక్కువకూ పనికొస్తాయి, దాన్ని తామే కొలిచి సరిదిద్దుకునేవీ ఉన్నాయి. కొత్త మీటరు కొనేటప్పుడు ఆ ఒక్క వాక్యం వెతుకు.

మోతాదు మాట మాత్రం రేపటికి వాయిదా వేయొద్దు. మీటరు 90 చూపించిన రాత్రి అమ్మకు నిజంగా 70 ఉండొచ్చు. కిడ్నీ బాగా లేనివాళ్లలో ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కూడా. ఆ మూడు జతల అంకెలూ ఒక కాగితం మీద రాసి, తేదీలు వేసి, మోతాదు రాసిచ్చిన డాక్టరు గారికి ఇవాళే చూపించు. అమ్మకు పొట్ట ద్వారా డయాలిసిస్ జరుగుతుంటే అదీ చెప్పు. అందులో ఐకోడెక్స్‌ట్రిన్ అనే ద్రవం వాడితే ఒక రకం ఎంజైమున్న స్ట్రిప్పులు లేని గ్లూకోజును ఉన్నట్టు చూపిస్తాయి. ఆ స్ట్రిప్పుల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరిక జారీ చేసింది. ఇంత రక్తహీనతలో హెచ్‌బీఏ1సీని కూడా అలాగే నమ్మడానికి లేదు. ఎర్రకణం ఎన్నాళ్లు బతికిందన్న దాని మీదే ఆ పరీక్ష నడుస్తుంది.

ప్రశ్న: షుగర్‌ను రోజంతా చూపించే సెన్సర్ భుజానికి పెట్టుకున్నాను. భోజనమయ్యాక సెన్సర్ 172 అంటే వేలు 205 అంది. రాత్రి రెండు గంటలకు సెన్సర్ 58 అని మోగింది, లేచి వేలికి గుచ్చితే 104. డబ్బులు దండగేనా?

జవాబు: కాదు. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, చర్మం కింది నీటిని. రక్తంలో మార్పు అక్కడికి చేరేసరికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. షుగర్ ఎక్కుతున్నప్పుడు సెన్సర్ వెనకబడుతుంది, దిగుతున్నప్పుడూ అంతే. పోల్చాలనుకుంటే తెర మీది బాణం అడ్డంగా, అంటే షుగర్ నిలకడగా ఉన్నప్పుడు పోల్చండి. రాత్రి సంగతికొస్తే, సెన్సర్ ఉన్న చేతి మీదే ఒత్తిగిలి పడుకున్నారా? ఆ ఒత్తిడికి అక్కడ ప్రవాహం తగ్గి అంకె పడిపోయినట్టు కనిపిస్తుంది. అటు తిరిగితే కాసేపటికి మామూలవుతుంది. అలారం మోగినప్పుడు లేచి వేలితో సరిచూసుకున్నారు కదా, అదే చెయ్యాలి.

ప్రశ్న: మా బావగారు వేరే దేశం నుంచి మీటరు తెచ్చారు. మొదటిసారి చూస్తే 7.8 అని వచ్చింది. ప్రాణం పోతోందనుకుని రెండు చెంచాల చక్కెర నోట్లో వేసుకున్నాను. ఏం జరిగింది?

జవాబు: కొన్ని దేశాల్లో షుగర్‌ను మిల్లీమోల్స్‌లో కొలుస్తారు. 18తో గుణిస్తే మనకు అలవాటైన మిల్లీగ్రాములు వస్తాయి. మీది 140. నిజంగా 7.8 మిల్లీగ్రాములే ఉండి ఉంటే ఆ అంకె చదివే స్థితిలో మీరు ఉండేవారు కాదు. పైగా మన మీటర్లు 10 లేదా 20 కిందికి వెళితే అంకె చూపించవు, చాలావాటిలో 'లో' అని మాత్రమే వస్తుంది. మిల్లీగ్రాముల మీటరులో చుక్క తర్వాత అంకె ఎప్పుడూ ఉండదు. చుక్క కనబడిందంటే అది ఇంకో లెక్క. ఆ రెండు చెంచాల తర్వాత ఎంత వచ్చిందో మీరు రాయలేదు.